చెరువులో గంబూసియా పోసే ముందు

రాష్ట్రంలోని జిల్లా మలేరియా అధికారులకు, మున్సిపల్ కమిషనర్లకు,



వానలు పడ్డాయి. ఇక పేపర్లో ఆ ఫొటో రాక తప్పదు. గట్టు మీద షామియానా, నీళ్ళ అంచున ప్రజాప్రతినిధి, పక్కన మీరు, చేతుల్లో ప్లాస్టిక్ సంచి, దోమ లార్వాలను తినడానికి అందులోంచి చెరువులోకి జారుతున్న గంబూసియా చేపలు. 2023 వానాకాలంలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే దాదాపు కోటి చేపలు వదిలారని వార్తలొచ్చాయి. ఎన్ని వదిలారన్న లెక్క మీ దగ్గర ఉంటుంది. వదలకముందు ఆ నీళ్ళలో ఏమున్నదన్న లెక్క మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఈ ఉత్తరం ఆ రెండో లెక్క గురించి.

నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. పిల్లల చేత చెరువు నీళ్ళు తెప్పించి మైక్రోస్కోపు కింద పెట్టించడమే నా ఉద్యోగంలో నాకు నచ్చిన భాగం. దోమల మీద నాకు జాలేమీ లేదు. పాడేరు, అరకు కొండల్లో చలిజ్వరం కుటుంబాలను ఎలా కుంగదీస్తుందో, మీ కింది సిబ్బంది ఆ వానలోనే గడపగడపా ఎక్కి రక్తపూతలు ఎలా తీస్తారో తెలుసు. గంబూసియాను మొత్తానికే మానేయమని కూడా అడగడం లేదు. సిమెంటు తొట్లు, వాడకం లేని పాత బావులు, పార్కులో మూలపడిన ఫౌంటెన్లు, మధ్యలో ఆగిపోయిన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో నిలిచిన నీళ్ళు, వీటిలో వదలండి, ఎవరూ కాదనరు. నా తగువంతా చెరువులు, కుంటలు, కాలువలు, చిత్తడి నేలల దగ్గర. అంటే వాన ఎక్కువైతే ఒకదాన్నుంచి ఇంకోదానికి పొర్లే నీళ్ళ దగ్గర.

గంబూసియా మన చేప కాదు. అమెరికా దక్షిణ, ఆగ్నేయ ప్రాంతాలది. 1920లలో దాన్ని యూరప్‌లో మలేరియా మీదికి తోలారు. ఇటలీ నుంచి 1928లో మన దేశానికి వచ్చింది. అప్పటికింకా డీడీటీ దోమల మందు కాలేదు, లక్షల మంది మలేరియాతో పోతున్న కాలం. ఆనాటి వాళ్ళను తప్పుపట్టలేం. కాని ఈ చేప గుణగణాలు చూడండి. గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది. అదను కుదిరితే ఇంచుమించు నెలకో ఈత. మురికి ఓర్చుకుంటుంది, వేడి ఓర్చుకుంటుంది, ప్రాణవాయువు చాలని నీళ్ళలోనూ పైపొరను పట్టుకుని బతికేస్తుంది. ఒకసారి వదిలాక వెనక్కి తీసుకోవడం అన్నది లేదు. ప్రపంచంలోని వంద అతి చెడ్డ దురాక్రమణ జాతులంటూ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించిన జాబితాలో దీనికీ చోటు దక్కింది. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది. నీటి పైభాగంలో ఆ నోట పట్టేంత సైజులో ఏది కదిలినా తింటుంది. రోజుకు వంద లార్వాలు తింటుందని మీ కరపత్రాల్లో రాస్తారు. నిజమే కావచ్చు. లార్వాలు దొరకని పూట ఏం తింటుందో కూడా ఒక వాక్యం రాయాల్సింది.

అది చూడాలంటే మీ ఊరి చెరువుకు తెల్లవారకముందే వెళ్ళాలి. నాచు దుబ్బుల పక్కన గాజుగ్లాసుతో నీళ్ళు ముంచి, టార్చి వెలుగుకు అడ్డంగా పట్టుకోండి. మొదట నలకలనిపిస్తాయి. నలకలైతే నీళ్ళు కదిలినంతసేపే కదులుతాయి. ఇవి నీళ్ళు సద్దుమణిగాక కూడా ఆగవు. చిన్న చిన్న ఎగురుళ్ళతో పైకి లేచి, కాస్త కిందికి జారి, మళ్ళీ లేచేవి మోయినా, సెరియోడాఫ్నియా లాంటివి, డాఫ్నియాకు దగ్గరి చుట్టాలు. ఉన్నట్టుండి ఛట్టున దూకి ఆగేది సైక్లాప్స్. ఆడదైతే ఒంటికి అటూ ఇటూ రెండు గుడ్ల సంచులు వేలాడుతుంటాయి. పొడవాటి మీసాలను రెండు పక్కలకూ చాచి, ఏ తొందరా లేకుండా తేలిపోయేది డయాప్టమస్. దాని సంచి ఒకటే. ఇంకా కింద, కంటికి ఆనీ ఆననట్టుండేవి రోటిఫర్లు. వీటన్నిటినీ కలిపి పాఠ్యపుస్తకాలు జంతుప్లవకాలంటాయి. కొల్లేరు పక్క చేపల రైతులు ప్లాంక్టన్ అనేస్తారు.

ఇప్పుడు ఒక మోయినాను చుక్క నీటితో సహా పలక మీదికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టండి. ఒంటికి కప్పిన పెంకు పారదర్శకం. లోపల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. తిన్న శైవలాలతో పచ్చగా వంపు తిరిగిన పేగు కనిపిస్తుంది. వీపు గదిలో పుట్టబోయే పిల్లలు, ఒక్కొక్కటీ నల్లటి కంటిచుక్కతో సహా కనిపిస్తాయి. కాళ్ళు క్షణం ఆగవు. నడవడానికి కాదు, నీళ్ళను పెంకులోపలికి లాగి వడకట్టడానికి. మీరు వైద్యశాఖ వాళ్ళు కనుక ఒక పిట్టకథ. తెల్లకణాలు సూక్ష్మజీవిని చుట్టుముట్టి మింగడాన్ని జీవశాస్త్రవేత్త మెచ్నికోఫ్ 1884లో వర్ణించింది ఇలాంటి అద్దపు ఒంటి డాఫ్నియాలోనే. రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మీ టీకా కార్యక్రమాల వంశవృక్షంలో ఈ పురుగుకూ ఒక కొమ్మ ఉంది.

ఆ వడపోతే అసలు సంగతి. చెరువు నీటిలోని ఏకకణ శైవలాలను, బ్యాక్టీరియాను ఈ ప్రాణులు రాత్రింబగళ్ళు వడకట్టి తింటాయి. ఒంటి సైజు పెద్దదైనకొద్దీ వడకట్టే నీళ్ళూ ఎక్కువ, మింగగలిగే కణాల రకాలూ ఎక్కువ. చేప కంటికి మొదట ఆనేదీ ఆ పెద్దవే. 1965లో బ్రూక్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు కనెక్టికట్‌లోని క్రిస్టల్ లేక్ నమూనాలను పోల్చి చూపారు. 1942 నాటి నీళ్ళలో పెద్ద డాఫ్నియాలున్నాయి. తర్వాత ఆ సరస్సులోకి ప్లవకాలు తినే ఒక చేప చేరింది. 1964 నమూనాల్లో పెద్దవి పోయి, బాస్మినా లాంటి చిరుప్రాణులు మిగిలాయి. మంచినీటి ప్లవకాలను చదివేవాళ్ళెవరైనా ఈ వ్యాసం దాటకుండా పోలేరు.

మీకు ఇంకా సూటిగా తగిలేది 1972 నాటి ప్రయోగం. కాలిఫోర్నియాలో హర్ల్‌బర్ట్, జెడ్లర్, ఫెయిర్‌బాంక్స్ చిన్న చిన్న కృత్రిమ కుంటలు తీసుకుని కొన్నింటిలో గంబూసియా వేశారు, కొన్నింటిలో వేయలేదు. వేసినవాటిలో రోటిఫర్లు, క్రస్టేషియన్లు (డాఫ్నియా, సైక్లాప్స్ ఈ కోవవే), నీటి కీటకాలు బాగా తగ్గిపోయాయి. వాటిని తినేవి లేక శైవలాలు విపరీతంగా పెరిగాయి. నీళ్ళ తేటదనం పోయింది. ఆఖరికి నీటి వేడి కూడా మారింది. ‘సైన్స్’ పత్రికలో అచ్చయి అర్ధశతాబ్దం దాటిన సంగతి ఇది. పరిశోధన లేక మనం ఆగలేదు, చదవక ఆగాం.

ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. మన పట్టణాల చెరువులు పచ్చరంగు పూసినట్టు కావడానికి మొదటి ముద్దాయి గంబూసియా కాదు, డ్రైనేజీ. మురుగుతో వచ్చే భాస్వరం, నత్రజని శైవలాలకు ఎరువు. ఆ ఎరువును ఆపకుండా చేపను మాత్రం తిట్టడం అన్యాయం. కాని ఆ పచ్చదనాన్ని మేసి కొంతైనా అదుపులో పెట్టగలిగినవాటినే మనం సంచుల్లో తెచ్చి మరీ తినిపిస్తున్నాం. పైగా తూనీగ పిల్లలు, నీటి నల్లులు, ఇంకా ఎన్నో నీటి పురుగులు దోమ లార్వాలను తింటాయి. గంబూసియా వాటి పిల్లలనూ వదలదు, కప్పల తోకపిల్లలనూ వదలదు. దోమకున్న పది మంది శత్రువులను తగ్గించి ఒకణ్ణి నియమించడం పాలనాపరంగా సులువు కావచ్చు. పది మందికి చేపల సంచుల్లా టెండరు పిలవలేం కదా.

ఇంకో ప్రశ్న. ఏ దోమ కోసం? డెంగీ తెచ్చే ఏడిస్ చెరువులో గుడ్లు పెట్టదు. దానికి కూలరు, కొబ్బరిచిప్ప, టైరు, మూతలేని డ్రమ్ము, పూలకుండీ పళ్ళెం కావాలి. మీరే పెట్టిన శుక్రవారం డ్రై డే సరైన మందు. ఫైలేరియా తెచ్చే క్యూలెక్స్‌కు మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు ఇష్టం. పట్నంలో మలేరియా తెచ్చే అనాఫిలిస్ స్టెఫెన్సీ ఓవర్‌హెడ్ ట్యాంకులకు, బావులకు పోతుంది. కొండల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ పారే గెడ్డల అంచుల్లో పెరుగుతుంది. గెడ్డలో వదిలిన చేప వరదొస్తే దిగువన తేలుతుంది. గుర్రపుడెక్క, అంతరతామర కమ్మిన చెరువుల్లో మాన్సోనియా దోమ ఉంటుంది. నిజమే, కాని దాని లార్వా ఊపిరి గొట్టాన్ని ఆ మొక్కల వేళ్ళలో గుచ్చుకుని అక్కడే ఉండిపోతుంది. అది గంబూసియాకు సులువుగా దొరికే మేత కాదు, మొక్కను తీసేస్తేనే పోతుంది. ఇవన్నీ తీసేశాక, చేపలతోనూ పురుగులతోనూ కళకళలాడే తేట చెరువులో గంబూసియా చేయాల్సిన పని ఎంత మిగిలిందో మీరే చెప్పండి. వరి మళ్ళలో, ఏటి ఇసుకలో నిలిచిన మడుగుల్లో పెరిగే మలేరియా దోమ అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ సంగతి వేరు. దాని కోసమైతే కూర్చుని మాట్లాడుకోవచ్చు.

మీ శాఖకూ ఈ చిన్న ప్రాణులకూ పరిచయం లేదని కాదు. ఉంది, కాని పోలీసుకూ దొంగకూ ఉన్న పరిచయం. నారికురుపు గుర్తుండే ఉంటుంది. దిగుడుబావిలో నీళ్ళతో పాటు సైక్లాప్స్‌ను మింగితే, దాని కడుపులోని పురుగు పిల్ల మనిషి ఒంట్లో పెరిగి, దాదాపు ఏడాది తర్వాత కాలి మీద పొక్కు చిట్లించుకుని బయటికొచ్చేది. బారెడు పురుగును పుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున లాగేవాళ్ళు. ఆ కాలితోనే బావి మెట్లు దిగితే మళ్ళీ మొదటికి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఆ జబ్బున్న రాష్ట్రాల్లో ఒకటి. 1980లలో మొదలైన జాతీయ కార్యక్రమంలో దిగుడుబావులను చేదబావులుగా మార్చారు, బోర్లు వేశారు, నీళ్ళు గుడ్డతో వడకట్టడం నేర్పారు, సైక్లాప్స్‌ను చంపడానికి టెమెఫాస్ చల్లారు. 1996 జూలైలో రాజస్థాన్‌లో ఆఖరి కేసు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్. మన ప్రజారోగ్య చరిత్రలో ఇంత శుభ్రంగా ముగిసిన అధ్యాయాలు తక్కువ. అందుకు సిబ్బందికి దక్కాల్సిన పేరు దక్కలేదన్నది నా అభిప్రాయం.

కలరా క్రిములు కూడా సైక్లాప్స్, డయాప్టమస్ లాంటి ఈ కోపిపొడ్ల ఒంటిని అంటుకుని తిరుగుతాయి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 65 గ్రామాల్లో జరిగిన ప్రయోగంలో కొన్ని ఊళ్ళ ఆడవాళ్ళు పాత చీర గుడ్డను నాలుగు మడతలు వేసి తాగే నీళ్ళు వడకట్టారు. ఆ ఊళ్ళలో కలరా దాదాపు 48 శాతం తగ్గిందని శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం 2003లో ప్రకటించింది. ఇదీ నేరచరిత్రే. కాని ఈ ముద్దాయి రికార్డులో ఇంకో పేజీ ఉంది, అది మన దగ్గర పెద్దగా ఎవరూ తెరవలేదు.

సైక్లాప్స్ కుటుంబంలోనే మీసోసైక్లాప్స్ అనే కాస్త పెద్దది ఉంటుంది. పెద్దదంటే మిల్లీమీటరు పైచిలుకు. అప్పుడే గుడ్డు పగిలిన ఏడిస్ లార్వాను అది పట్టి తింటుంది. వియత్నాంలో వూ సిన్ నామ్, ఆస్ట్రేలియాకు చెందిన బ్రయాన్ కే కలిసి దాన్ని ఊరి నీళ్ళ తొట్లలో, పెద్ద జాడీల్లో వేయించారు. వేయించి వదిలేయలేదు. ఏ పాత్రలో ఎక్కువ లార్వాలు పుడుతున్నాయో లెక్కగట్టి అక్కడే ముందు వేశారు. బడిపిల్లలనూ ఆరోగ్య కార్యకర్తలనూ కలుపుకుని పనికిరాని డబ్బాలు ఏరించారు. 1998 నుంచి 2003 వరకు 37 కమ్యూన్లలో పనిచేస్తే 32 చోట్ల ఏడిస్ ఈజిప్టై కనిపించకుండా పోయిందని 2005లో ‘లాన్సెట్’లో రాశారు. 2002 తర్వాత అప్పటిదాకా అక్కడ డెంగీ కేసు నమోదు కాలేదని కూడా అందులోనే రాశారు.

వెంటనే సైక్లాప్స్ సంచులకు ఆర్డరు పెట్టకండి, దయచేసి. ఒక ప్రాణి మీద మోజు తీరగానే ఇంకో ప్రాణి మీద పడటమే మనకు పాత జబ్బు. వియత్నాం వాళ్ళు తమ నీళ్ళలో ఏముందో ముందు వెతికారు, తమ దగ్గర పుట్టినదాన్నే పెంచుకున్నారు. నేనడిగేది ఆ మొదటి సగం మాత్రమే: వెతకండి.

దీనికి కోట్లు అక్కర్లేదు. కైకలూరు, ఆకివీడు వైపు వెళ్ళి ఏ నర్సరీ రైతునైనా చూడండి. చేపపిల్లలు వేయకముందు ఆయన చెరువు నీళ్ళు 50 లీటర్లు సన్నటి వలగుడ్డలో పోసి, అడుగున మిగిలినదాన్ని కొలత గీతలున్న గాజు గొట్టంలో తేరబెడతాడు. ఒకటి రెండు మిల్లీలీటర్లు తేలితే పిల్లలకు మేత ఉన్నట్టు. రోటిఫర్లు, మోయినా ఉంటే సంతోషిస్తాడు. సైక్లాప్స్ మరీ ఎక్కువైతే స్పాన్ అనే పసి చేపపిల్లలను కొరుకుతుందని కంగారుపడతాడు. చేప వేసే ముందు నీళ్ళలో మేత చూడాలన్న ఇంగితం పదోతరగతి తప్పిన రైతుకుంది. చేప వేసే ప్రభుత్వానికీ ఉండాలనడం పెద్ద కోరిక కాదనుకుంటాను.

మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మలేరియా పూతలు చూసే మైక్రోస్కోపు ఉంది. చూసే టెక్నీషియన్ ఉన్నాడు. పెద్ద కార్పొరేషన్లలో బయాలజిస్టు పోస్టు కూడా ఉంది, ఆయన చేత ఫాగింగు బండ్ల డీజిలు లెక్కలు రాయించకుండా ఉంటే. ఒకే ఒక జాగ్రత్త. పొద్దెక్కాక నడిచెరువులో వల వేసి ఏమీ లేవని రాసేయకండి. ఈ ప్రాణులు పగలు చేపల కంటపడకుండా అడుగుకో, మొక్కల మధ్యకో పోయి దాక్కుంటాయి. రాత్రి గాని తెల్లవారకముందు గాని చూడాలి.

ఎండాకాలంలో చూడాలన్నా దారి ఉంది. ఇది మాత్రం నాకు మహా ఇష్టమైన పద్ధతి. చెరువు ఎండేటప్పుడు డాఫ్నియా కుటుంబంవి నల్లటి గట్టి తొడుగులో ఒకటో రెండో గుడ్లు భద్రపరిచి మట్టిలో వదిలేస్తాయి. డయాప్టమస్, రోటిఫర్లు కూడా నిద్రగుడ్లు పెడతాయి. అవి ఎండకు చావవు. గేదెల కాళ్ళకంటి, కొంగల కాళ్ళకంటి ఊళ్ళు దాటుతాయి. నార్వే శాస్త్రవేత్త జి.ఓ. సార్స్ ఆస్ట్రేలియా ముఖమే చూడలేదు. క్వీన్స్‌లాండ్ నుంచి యాత్రికుడు కార్ల్ లూమ్‌హోల్ట్స్ పంపిన ఎండు మట్టిని తన ఇంట్లో నీళ్ళలో నానబెట్టి, పొదిగిన ప్రాణులను 1885లో వర్ణించాడు. వాటిలో ఒకటి డాఫ్నియా లూమ్‌హోల్ట్‌జీ. మన దేశపు చెరువుల్లోనూ ఉంటుంది. చేప వాసన నీళ్ళలో తగిలితే దాని పిల్లలు తలమీద పొడవాటి కొమ్ముతో, తోకకు ఇంకా పొడవాటి ముల్లుతో పెరుగుతాయి, చిన్న చేపల గొంతు దిగకుండా. మే నెలలో చెరువు అడుగున పిడికెడు మట్టి తీసి, బకెట్టు వాన నీళ్ళలో వేసి నీడలో పెట్టండి. కొద్ది రోజుల్లో ఆ చెరువు చిట్టా సగం మీ ముందుంటుంది.

పేర్లు చెప్పగలిగే చదువూ మన దగ్గర పుట్టింది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ వై. రంగారెడ్డి ఎన్నో ఏళ్ళు ఈ కోపిపొడ్ల మీద పనిచేశారు. డయాప్టమస్ కుటుంబంలోని కొన్ని ప్రజాతులను గుర్తుపట్టడానికి వాడే 1994 నాటి మార్గదర్శి ఆయన రాసినదే. గుంటూరు పక్కన కూర్చుని ప్రపంచానికి దారి చూపిన మనిషి చదువు మన మున్సిపాలిటీ చెరువుకు చేరకపోవడం విచిత్రం.

చేప వేయక తప్పదనుకుంటే ఆ చెరువులో ఇప్పటికే ఉన్న చేపలను చూడండి. నెత్తిన వెండి చుక్కతో, నీటి పైపైనే తిరిగే వేలెడు చేప ఆప్లోకైలస్. దోమ లార్వాలను ఇష్టంగా తింటుంది. అదీ ప్లవకాలను తింటుంది, కాదనను. కాని తరతరాలుగా కలిసి బతికినవాళ్ళ మధ్య సర్దుబాటు వేరు. మందు చల్లక తప్పకపోతే చెరువులో టెమెఫాస్ వద్దు, డాఫ్నియా కుటుంబం దానికి ఇట్టే చస్తుంది. బీటీఐ అనే బ్యాక్టీరియా మందు అయితే దోమ లార్వాలను పట్టుకుంటుంది గాని ఈ క్రస్టేషియన్ల జోలికి పెద్దగా పోదు.

కాబట్టి ఈ జూలైలో గంబూసియా సంచులు విప్పకముందే, మీ జిల్లాలో అవి ఏయే నీళ్ళలో పడబోతున్నాయో జాబితా బయట పెట్టండి. అందులో తొట్లు, బావులు వేరు చేసి, చెరువులు, కుంటలు, కాలువలు కొట్టేయండి. కొట్టేయడానికి మనసొప్పని చెరువు ఏదైనా ఉంటే, అందులో ఏ దోమ లార్వా ఎంత దొరికింది, ప్లవకాలు ఏమేం దొరికాయి అన్న రెండు గడులు నింపాకే సంతకం చేయండి. నింపే మనిషి లేడంటే కబురు చేయండి. నాలాంటి రిటైరైన జంతుశాస్త్రం మాస్టార్లు ప్రతి పట్టణంలో ఇద్దరు ముగ్గురుంటారు. తెల్లవారుజామున ఎలాగూ నిద్ర పట్టదు. టీఏ డీఏ బిల్లులు పెట్టం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జంతుశాస్త్ర అధ్యాపకుడు